తల్లికుండ అడుగునీళ్ళు

టైడా స్టేషనులో దిగి, పట్టాలు దాటి, కాఫీ తోటల మధ్యగా పైకి పోయే బాట పట్టుకుంటే, మనిషికి ఊపిరి అందడం మానేసే చోట పనసవలస వస్తుంది. అక్కడి ఆడవాళ్ళు అదే బాటలో నెత్తిన కట్టెలమోపు పెట్టుకుని కబుర్లాడుకుంటూ ఎక్కుతారు కాబట్టి ఈ కొలత నా వయసు వాళ్ళకి మాత్రమే. ఊపిరి ఆగిన చోట ఎదురుగా కనబడే మొదటి ఇల్లు ఈశ్వరమ్మది. అరుగు మీద కూలబడ్డ వాడిని ఆమె పేరడగదు, ఊరడగదు. సత్తు గిన్నెలో చోడి (రాగి) అంబలి పోసిచ్చి, "ముందు తాగు బాబూ, సావడం తరవాత సద్దువుగాని" అంటుంది.

ఆ అంబలి కోసం నేను చాలాసార్లు చావబోయాను.

అంబలి చేయడం అందరికీ వచ్చు. ఈశ్వరమ్మ అంబలి మాత్రం ఎవరికీ రాదు. ఆమె అంబలి కుండని పూర్తిగా కడగదు. నిన్నటిది అడుగున గరిటెడు ఉంచి, దాని మీద కొత్త జావ పోస్తుంది. నిన్నటి పులుపు ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి అందుతుంది. లోకంలో సగం వంట ఈ తోడు మీదే నడిచింది. పాలు పెరుగైనా, పిండి పులిసి రొట్టె పొంగినా, జీలుగు కల్లు తలకెక్కినా అంతా పాతది కొత్తదాన్ని పట్టుకోవడమే. పులిసిన పిండిని దేశం దాటించి, సముద్రం దాటించి, ఒడిలో పెట్టుకుని మోసుకెళ్ళిన ఆడవాళ్ళ గురించి ఎక్కడో చదివాను. రాజ్యాలు పోయాయి గాని పులుపు పోలేదు.

చిక్కేమిటంటే, ఈశ్వరమ్మ నీళ్ళకి కూడా తోడు పెట్టేది.

ఆమె ఇంటి అరుగు మూల ఒక పెద్ద మట్టికుండ పొట్ట దాకా నేలలో పాతిపెట్టి ఉంటుంది. దాన్ని తల్లికుండ అంటారు. ఈశ్వరమ్మ కాపురానికి వచ్చేసరికే అది అక్కడ ఉంది, ఆమె అత్తగారు కాపురానికి వచ్చినప్పుడూ ఉందట. కొండ మీది ఊట నుంచి తెచ్చిన నీళ్ళు అందులో పోస్తారు. ఆ ఇంటివాళ్ళు తాగేవీ వండుకునేవీ అవే. పండగకీ పెళ్ళికీ ఊరంతా వచ్చి తలా ఒక సొరబుర్రెడు ముంచుకుపోయి తమ కుండల్లో కలుపుకుంటారు. దానికి ఒకటే నియమం: అడుగు కనబడకూడదు. ఎన్ని నీళ్ళు వాడినా అడుగున జానెడు మిగలాలి. పాత నీళ్ళు దారి చూపకపోతే కొత్త నీళ్ళకి ఊరు తెలియదు, ఊట ఎండిపోతుంది అని పెద్దల మాట. ఎండాకాలానికి కాసిన్ని దాచుకొమ్మని ఏ తెలివైన ముసలామో పెట్టిన నియమం అయ్యుంటుందని నాకు అనుమానం. నియమాల కారణాలు ముందు చచ్చిపోతాయి, నియమాలు మాత్రం ముసలివై కర్ర పట్టుకుని తిరుగుతూనే ఉంటాయి.

ఆ జానెడు నీళ్ళలో కాపురాలు ఉండేవి. ఉదయం ఎండ వాలుగా పడ్డప్పుడు చూస్తే, వెంట్రుక ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ కనబడేవి. నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకి దిగేవి. అవి దోమ పిల్లలు. కొన్నాళ్ళకి వాటికి రెక్కలొచ్చి ఎగిరిపోయేవి. కొత్త నీళ్ళు పోసినా కుండ గోడల మీది పాచిలో గుడ్లు భద్రంగా ఉండేవి. పారే నీటికి పాచి పట్టదంటారు. తల్లికుండకి పారడం తెలియదు.

ఇక కథ. కిందటి వర్షాకాలం ఈశ్వరమ్మ కోడలు నిర్మలకి కడుపుతో ఉండగా డెంగ్యూ జ్వరం వచ్చింది. కొడుకు ఫల్గుణ డోలీ కట్టించి కిందికి దింపి, జీపులో ఆసుపత్రికి పరిగెత్తించాడు. తల్లీ, కడుపులో పిల్లా గట్టెక్కారు. నిర్మల పదో తరగతి చదివిన పిల్ల, మహిళా సంఘం తరఫున నీళ్ళ పరీక్ష నేర్చుకొచ్చిన పిల్ల. పురిటికి బొర్రా దగ్గరి పుట్టింటికి వెళ్ళబోయే ముందు తల్లికుండ నీళ్ళు ఒక చిన్న పరీక్ష సీసాలో పోసి, మూత బిగించి గూట్లో పెట్టింది. మర్నాటికి అది నల్లబడింది.

"సూడత్తా, నల్లబడితే నీళ్ళలో రోగం పురుగు ఉన్నట్టే. ఫల్గుణకి ఊరికే కడుపులో తిప్పడం అందుకే."

"నల్లబడితే రోగవా?" అంది ఈశ్వరమ్మ తన చెయ్యి చాపి చూపిస్తూ. "నాను పుట్టినకాడినించి నల్లగానే ఉన్నాను. నాకేటి రోగం?"

నిర్మల వెళ్ళిపోయింది. ఆడపిల్ల పుట్టింది. నెలలు గడిచాయి. పిల్లని తీసుకొస్తానన్న కోడలు రాలేదు. చివరికి ఒక వీడియో కాల్‌లో విషయం బయటపడింది. పనసవలసలో సిగ్నల్ అందేది ఒక్క బండ మీదే. అత్తలూ కోడళ్ళూ, అప్పులూ ప్రేమలూ అన్నీ ఆ బండ మీదే మాట్లాడుకోవాలి, ఊరంతా వినాలి. అప్పుడు వాన పట్టుకుని నన్ను కిందికి దిగనివ్వలేదు కాబట్టి నేనూ విన్నాను.

"తల్లికుండ ఖాళీసేసి, తోమి, ఎండబెట్టు అత్తా. తరవాత వారవారం అలాగే సెయ్యాల. అప్పుడొస్తాను."

"ఓలమ్మ! ఊట ఎండిపోతే ఊరు నన్ను బతకనిత్తాదేటే?"

"నా పిల్ల బతకాలి గదా!"

ఫోనులో మనవరాలు తన పిడికిలి తాను నోట్లో కుక్కుకుంటోంది. ఈశ్వరమ్మ ఫోనుని మొహానికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. ఆ పిల్లని ఆమె ఒక్కసారే, ఆసుపత్రిలో, గుడ్డమూటలో ఎత్తుకుంది. తర్వాతంతా ఫోనులోనే. బండ దిగుతూ కొడుకు మీద పడింది.

"ఏరా, నీ పెళ్ళానికి నువ్వయినా సెప్పలేవా?"

"సెప్పినానమ్మా."

"ఏటందీ?"

"నన్ను కూడా తోముకుని రమ్మంది."

ఈశ్వరమ్మ ఊరికే కూర్చునే రకం కాదు. ముందు రాజీ ప్రయత్నాలు మొదలుపెట్టింది. పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి కుండ మూతికి కట్టింది. బయటి దోమలు లోపలికి పోలేదు సరే, లోపల పుట్టినవి బయటికి రాలేక గుడ్డ కింద చేరి భజన మొదలుపెట్టాయి. తర్వాత నీళ్ళు వడగట్టి, పురుగుల్ని గుడ్డతో పాటు కోళ్ళ ముందు దులిపింది. కోళ్ళు సంతోషించాయి గాని, వారం తిరగకుండానే కుండలో కొత్త తరం వేలాడుతోంది.

"ఇదేటి, సంతకొచ్చినట్టు మళ్ళీ మళ్ళీ వస్తన్నాయి!" అని విసుక్కుంది.

దోమ మనిషిని గెలిచిన కథలు నాకు బోలెడు తెలుసు. సేనలు ఆగిపోయాయి, కాలువ తవ్వకాలు నిలిచిపోయాయి. సికింద్రాబాదులో ఒక దొర దోమ కడుపు కోసి చూసేదాకా జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని మహామహా పండితులే నమ్మారు. ఇదంతా నేను ఈశ్వరమ్మకి వివరించబోతే, ఆమె సొరబుర్ర నా చేతికిచ్చి, "బాగుంది, నువ్వు ఆ కతే సెప్పుకుంటూ పురుగులు తియ్యి" అంది. తీశాను. చదువు ఎక్కడా వృథా పోదు.

ఆ వారంలోనే మలేరియా విభాగం నుంచి దేవీప్రసాద్ వచ్చాడు. కొత్తవలస వైపు మనిషి, మంచివాడు, గొంతు మాత్రం మైకు మింగినట్టు ఉంటుంది. ఇంటింటికీ తిరిగి నీలం డ్రమ్ముల్లోకి టార్చి వేసి చూస్తాడు, మందు చుక్కలు వేస్తాడు, శుక్రవారం అన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని చెబుతాడు. తల్లికుండలో మాత్రం ఈశ్వరమ్మ మందు పడనివ్వదు కాబట్టి, ఏడాదిగా దాని ముందు నిలబడి ఖాళీ చెయ్యమనే చెబుతున్నాడు. ఆ రోజూ చెప్పాడు.

"పెద్దమ్మా, ఇందులో వేల పురుగులున్నాయి. తోడి పారబొయ్యండి."

"పురుగు బతికిన నీరే మనిసి బతికే నీరు బాబూ," అంది ఈశ్వరమ్మ. "మా తాతల నాడు గెడ్డలో సేపలు పట్టడానికి పైనించి సెట్టు బెరడు దంచి కలిపేవోరు. నీళ్ళు విసం అయిపోయేవి. తెలీక తాగినోళ్ళు పడిపోయేవోరు. అందుకే నీళ్ళలో పురుగు ఆడతందా నేదా అని సూసి తాగాల. ఆడితే మంచిది. సస్తే విసం, కుండతో సహా తీసి పారబొయ్యాల. అదీ పెద్దల మాట."

దేవీప్రసాద్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ తర్కంలో దోషమే లేదు. విషాన్ని పట్టుకునే తర్కం అది, రోగాన్ని పట్టుకునేది కాదు. రాజులు భోజనానికి ముందు కోతికి ముద్ద పెట్టి చూసేవారంటారు, ఇక్కడ ఆ కొలువు దోమ పిల్లలు చేస్తున్నాయి.

ఆ సాయంత్రం బండ మీద నిర్మల ఇంకో దారి పట్టింది.

"అత్తా, నీ అంబలి ఎలా పులుస్తాది?"

"తోడు వల్ల."

"తోడులో ఏటుంటాది? కంటికి కనపడని పురుగే. అది మంచిది కాబట్టి అంబలి బాగుంటాది. తల్లికుండ అడుగున కూడా కనపడని పురుగే ఉంది, సీసా నల్లబడింది దాని వల్లే. అది మంచిది కాదు. నువ్వు ఎన్ని కొత్త నీళ్ళు పోసినా, అడుగున ఉన్నది వాటిని పట్టుకుంటాది."

అంబలి గురించి ఈశ్వరమ్మకి ఎవరూ పాఠం చెప్పలేరు. తోడు చెడితే కుండ మొత్తం చెడుతుందని, అలాంటప్పుడు గోరువెచ్చని దయ పనికిరాదని, కుండ నిప్పుల మీద బోర్లించాల్సిందేనని ఆమె చేతులకి తెలుసు.

"అంటే," అంది చివరికి, "ఇన్నాళ్ళూ నాను దొంగలకి తోడెడతన్నానా?"

"నువ్వే సెప్పు."

ఇంటికొచ్చి కుండ ముందు గొంతుక్కూర్చుంది. నాకేసి చూడకుండానే అంది: "ఖాళీ సెయ్యాల బాబూ. నా మనవరాలిని ఎత్తుకోవాల. కానీ నాను సేత్తే ఊరు ఊరుకోదు. రేపు వాన ఒక్క రోజు ఎగ్గొట్టినా ఈశ్వరమ్మ వల్లే అంటారు. బుధు మావ అయితే నన్ను ఊట కాడికి కూడా రానివ్వడు." బుధు ఆ ఊరి పెద్ద, ఊట దగ్గర కోడిని కోసి పూజ చేసేవాడు. అతను ఒప్పుకుంటే గునపం పట్టడానికి నలుగురు వస్తారు, లేకపోతే పాతిన కుండ కదలదు. కాసేపటికి ఈశ్వరమ్మ ముఖంలో ముక్కుపోగులు మెరిశాయి. అంటే నవ్విందన్నమాట.

మర్నాడు దేవీప్రసాద్ పక్క ఊరికి పోతూ అటు వచ్చాడు. ఈశ్వరమ్మ అతన్ని కూర్చోబెట్టి అంబలి పోసింది.

"బాబూ, నీ మందు ఈ కుండలో ఏత్తే పురుగులు సస్తాయా?"

దేవీప్రసాద్ గిన్నె దించాడు. ఏడాది పోరాటం ఫలించిందని అతని కళ్ళు తడిశాయి. "చస్తాయి పెద్దమ్మా! రేపటికల్లా ఒక్కటి మిగలదు."

"అన్నీనా?"

"అన్నీ!"

"అయితే ఎయ్యి."

అతను నీళ్ళ లోతు చూసి, కొలత కట్టి, మందు చుక్కలు వేశాడు. "ఇంక మీరేం చెయ్యక్కర్లేదు," అని ధీమాగా వెళ్ళాడు. ఆ రోజంతా ఈశ్వరమ్మ ఆ నీళ్ళు ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఊట నుంచి బిందెతో వేరే తెచ్చుకుంది.

తెల్లారి కుండలో ఒక్క పురుగూ కదలడం లేదు. వెంట్రుక ముక్కలు ఈసారి నిజంగానే వెంట్రుక ముక్కల్లా పడి ఉన్నాయి. దేవీప్రసాద్ తిరుగు దారిలో బాట మలుపు దగ్గర కనబడేదాకా ఆగి, ఈశ్వరమ్మ వీధిలోకి వచ్చి గొంతెత్తింది.

"ఓలప్పా! బుధు మావా! రండి, బేగి రండి! తల్లికుండలో పురుగులు సచ్చిపోయాయి!"

ఊరు కదిలింది. బుధు కర్ర తాటించుకుంటూ వచ్చి కుండలోకి వంగి చూశాడు. సొరబుర్రతో కలిపి చూశాడు. కదలిక లేదు. తల పంకించాడు.

"విసం," అన్నాడు.

"విసవే మావా," అంది ఈశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "విసం నీళ్ళుంటే ఏటి సెయ్యమన్నారు పెద్దలు?"

"తీసి పారబొయ్యమన్నారు."

"అడుగు కనపడకూడదన్నారు గదా?"

బుధు ఆలోచించాడు. నియమానికి నియమం అడ్డొస్తే ఏది గెలుస్తుందన్న ప్రశ్నకి న్యాయస్థానాల్లో ఏళ్ళు పడుతుంది. బుధు చుట్ట వెలిగించి ఆర్పేలోగా తేల్చాడు. "విసం ముందు ఏ మాటా నిలబడదు. అడుగున ఉన్నది ఊట నీళ్ళయితే గదా దారి సూపేది? విసం ఊటకి దారి సూపిత్తే ఊరే పోతాది!"

సరిగ్గా అప్పుడు దేవీప్రసాద్ గుంపులో దూరాడు. సంగతి విని అతని మొహం మాడిపోయింది.

"విషమేంటండీ? అది మందు! ఆ కొలతలో మనిషికి ఏమీ కాదు! పారబొయ్యక్కర్లేదు!"

ఏడాదిగా పారబొయ్యమని అరిచిన మనిషి ఇప్పుడు కుండకి అడ్డంగా చేతులు చాపి వద్దంటున్నాడు. ఈశ్వరమ్మ అతని పక్కకి జరిగి, కాలు గట్టిగా తొక్కింది. అతను ఇంకా గట్టిగా అరిచాడు: "మా శాఖకి చెడ్డపేరు వస్తుంది పెద్దమ్మా!"

"అయితే తాగు బాబూ," అన్నాడు బుధు మర్యాదగా. ఎవరో గ్లాసు తెచ్చారు. సొరబుర్రతో అడుగు నుంచి ముంచి నింపారు.

దేవీప్రసాద్ గ్లాసు అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చాడు. వెలుగులో అందులోకి చూశాడు. చచ్చిన పిల్లలు, వాటి కింద పచ్చటి పాచి పోగులు, ఇంకా ఏవేవో తేలుతున్నాయి. ఈ కుండ నీళ్ళతో నల్లబడ్డ సీసా గూట్లోంచి అతనికేసి చూస్తోంది. గ్లాసు మెల్లగా దిగింది.

"తాగను. కానీ మందు వల్ల కాదు... ఈ నీళ్ళు ముందు నించే..."

ఆ మాట పూర్తి కాలేదు. "తాగనన్నాడు!" అని ఊరంతా ఒక్కసారి అరిచింది. గునపాలు వచ్చాయి. ఈశ్వరమ్మ దేవీప్రసాద్ చెవి దగ్గర నోరు పెట్టి, "నోరు మూసుకో నా బాబు, నా మనవరాలు వస్తాది," అంది. అప్పటికి గాని అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక తనూ ఒక గునపం అందుకున్నాడు.

ఊట వైపు ఒక్క చుక్క పోకూడదని బుధు పట్టుబట్టాడు. తోడిన నీళ్ళని ఊటకి ఎడంగా, గెడ్డకి దూరంగా, పొడి నేల మీద పారబోశారు. కుండ పైకి లేవగానే లోపలి వాసన చూసి ముందు నిలబడ్డవాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు ఇంకా వెనక్కి తగ్గారు. అడుగున బురద, దాని మీద చెయ్యి పెడితే జారిపోయే జిగురు పొర. ఎవరి పెళ్ళిదో తెలియని ఒక గాజు ముక్క కూడా దొరికింది. ఈశ్వరమ్మ ఆ జిగురుని వేలితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే తీసేసింది. "ఇదేనేటి మా అత్త నాకూ, నాను నా కోడలికీ పోసింది," అంది మెల్లగా. తర్వాత బూడిదా ఊకా కలిపి భుజం దాకా చెయ్యి దూర్చి తోమింది. ఎంత తోమిందంటే, ఫల్గుణ వచ్చి "అమ్మా, కుండకి సిల్లు పడతాది" అని ఆపాల్సి వచ్చింది. ఎండబెట్టి, లోపల నిప్పులు పోసి కాల్చి, ఈసారి పాతకుండా రాళ్ళ మీద నిలబెట్టి, మీద గట్టి మూత పెట్టారు. చుట్టుపక్కల వాళ్ళు తమ డ్రమ్ముల్లోకి చూసుకోవడం మొదలుపెట్టారు. వాటిలోనూ దేవీప్రసాద్ మందు వేసి ఉన్నాడు కాబట్టి వాటిలోనూ పురుగులు చచ్చి ఉన్నాయి. సాయంత్రానికి పనసవలసలో నిలవ నీళ్ళు ఉన్న పాత్ర ఒక్కటీ లేదు. దేవీప్రసాద్ ఒక రాయి మీద కూర్చుని, గెలిచాడో ఓడాడో తెలియని మనిషిలా అంబలి తాగాడు.

ఊట ఏం చేసిందని అడగకండి. ఎప్పటిలాగే పారింది. బుధు మాత్రం రోజూ వెళ్ళి తొంగి చూసి వచ్చేవాడు, అది పారుతున్నందుకు కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనబడేవాడు. వచ్చే శుక్రవారం మళ్ళీ ఖాళీ చేయడానికి సాకు ఏమిటని నేను ఈశ్వరమ్మని అడిగాను. "ఒకసారి విసం పడ్డ కుండని వారవారం కడక్కపోతే పోదని సెప్పినాను. మావ ఒప్పుకున్నాడు," అంది.

నిర్మల ఒక శుక్రవారమే వచ్చింది. ఫల్గుణ స్టేషను నుంచి సంచులు మోసుకొచ్చాడు. నిర్మల పిల్లని భుజానికి అంటించుకునే, కాళ్ళు కూడా కడుక్కోకుండా తిన్నగా తల్లికుండ దగ్గరికి నడిచింది. మూత తీసింది. ఫోను లైటు వేసి లోపలికి చూసింది. లోపలి గోడ మీద వేలితో రాసి, వేలు చూసుకుంది. అరుగు మీద ఊరు సగం నిలబడి ఉంది. పరీక్ష ఫలితం కోసం అంత నిశ్శబ్దం నేను విశ్వవిద్యాలయాల్లో కూడా చూడలేదు.

"బాగుంది," అంది నిర్మల. "నీళ్ళేవి?"

"ఇప్పుడే ఖాళీ సేసినాను. శుక్కరవారం గదా," అంది ఈశ్వరమ్మ, అదేదో తాతల నాటి ఆచారం అయినట్టు.

నిర్మల నవ్వాపుకుంటూ పిల్లని చాపింది. ఈశ్వరమ్మ చేతులు ముందుకొచ్చి, ఠక్కున వెనక్కి పోయాయి.

"ఆగు, సేతులు కడుక్కొత్తాను."

సబ్బు పెట్టి, మోచేతుల దాకా కడుక్కుని, కొంగుకి తుడవకుండా గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చి పిల్లని అందుకుంది. ఒడిలో పడుకోబెట్టుకుంది. పిల్ల ఆమె ముక్కుపోగులకేసి కాసేపు దీర్ఘంగా చూసి, తీరుబడిగా ఆమె ఒడంతా తడిపేసింది.

ఈశ్వరమ్మ కదల్లేదు. తడి చీర మీద నుంచి వేడి ఆవిరి లేస్తుంటే కోడలికేసి చూసి, "సూసినావా," అంది, "దీనికి కూడా నిలవ నీళ్ళంటే పడవు!"